తలుపుల గట్టయ్య వర్ధంతి

ఏప్రిల్ 27

మొదటి షిఫ్టుకు నూట ఎనభై ఆరు దీపాలు ఇచ్చాను. నూట ఎనభై ఐదు తిరిగొచ్చాయి. మిగిలిన ఒక్కటీ భూదేవి దగ్గర ఉంది. మా అమ్మాయి ఫ్యాను గదిలోంచి ఏనాడూ వేళకు రాదు. ఈ లాంప్ రూం పుస్తకంలో ఆమె పేరు పక్కన "ఆలస్యం" అని రాసీ రాసీ విసుగు పుట్టి, ఇప్పుడు ఊరికే చుక్క పెడుతున్నాను.

దీపాలు నా ఉద్యోగంలో సగం. రెండో సగం క్యాలెండరు. పైన ఎండకు బతకలేక మా తాతలు ఈ ఏడో నంబరు గనిలోకి దిగినప్పుడు ఎవరో సంకన పెట్టుకొచ్చిన రోజుకో కాగితం క్యాలెండరు అది. ఒక్కటే ఉంది కాబట్టి చించం. తీగకు గుచ్చి తిప్పుతాం. ఏడాది అయిపోతే మళ్లీ మొదటి కాగితం. కొన్ని కాగితాల అడుగున ఎర్ర అక్షరాలతో ఒక పేరు, ఆయన చేసే పని, పక్కన జయంతి అనో వర్ధంతి అనో ఉంటుంది. అంతకుమించి అక్షరం ముక్క లేదు. ఆ మనిషి చరిత్రను షిఫ్టు మారే వేళ నాలుగు వందల మంది ముందు చదవాల్సింది లాంప్ రూం మనిషి, అంటే నేను. లేని చరిత్రను ఎలా చదువుతావని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగనిదాన్ని నేనెందుకు చెబుతాను?

రేపు చిత్రకారుడు వంకాయల భుజంగరావు జయంతి. జయంతి అంటే గెలిచిన రోజు, జయం ఆ మాటలోనే ఉందని నాకు ఈ పని నేర్పిన లింగయ్య తాత చెప్పాడు. ఇంటిపేరు పట్టుకుంటే సగం చరిత్ర దానంతటదే వస్తుందని కూడా ఆయనే చెప్పాడు. కనుక భుజంగరావు లోకంలోని తెల్ల వంకాయలన్నిటికీ ఒంటిచేత్తో ఊదారంగు వేసి గెలిచాడు. పోయినేడు ఆరు రోజులు పట్టిందని చదివాను. ఈసారి నాలుగు రోజుల్లో ముగించేస్తాడు. అబద్ధమైనా అతికినట్టుండాలి అంటారు గానీ, ఏటా కొంచెం పెరిగితేనే జనం కదలకుండా వింటారు.

భూదేవి వచ్చి దీపం నా ముందు పెట్టింది.

"మంట సూడు బాపూ."

గాలి బాగుంటే మంట నిలువుగా ఉంటుంది. ఇది వడ్లగింజంత తగ్గి ఉంది.

"ఫ్యాను మంచిగనే తిరుగుతుంది. పైన మూతి కాడ ఇసుక కమ్మింది. లోపటికెల్లి ఏం జెయ్యరాదు. ఎవలో ఒకలు పైకి పోవాలె."

మూడు తరాలుగా పైకి పోయినవాడు లేడు. నేను పుస్తకం మూసి భుజంగరావు వంకాయల గురించి ఆలోచించడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

ఏప్రిల్ 30

సర్దార్ రాజేశం లాంప్ రూంకు వచ్చాడు. గనికి పెద్ద ఆయనే. మంచివాడు, అందుకే ఆయన మాటను కాదనడం కష్టం.

పైకి వెయ్యిన్ని ఇరవై మెట్లు, చివర ఇనుప తలుపు. తలుపు తీసుకుని బయటికి పోయి, ఫ్యాను మూతి మీది ఇసుక తోడాలంటే రెండు గంటల పని. తలుపు పక్కన బయటి వేడి చూపించే మీటరు ఉంది. ఇవాళ యాభై ఎనిమిది చూపించింది, రాత్రికీ పెద్దగా దిగదు. మే నెలలో ఇంకా ఎక్కుతుంది.

"అయితే ఒక దినం ఉన్నది ఓదెలన్నా," అన్నాడు రాజేశం. "నువ్వే సదివినవ్. మే ఇరవై రెండు."

నోటికి అప్పజెప్పాడు కూడా. హార్మోనియం విద్వాంసుడు తలుపుల గట్టయ్య తన వర్ధంతి నాడు తలుపు తెరిచి పైకి పోయెను. ఎండ ఆయనను ముట్టలేదు. జానెడు పెరిగి తిరిగి వచ్చెను. హార్మోనియం అనగా ఊపిరి పోసే యంత్రము.

అన్నీ నా వాక్యాలే. ఇంటిపేరు తలుపుల కాబట్టి తలుపు తెరిపించాను. హార్మోనియం ఏమిటో తెలియక ఊపిరి యంత్రం చేశాను. ఎండ ముట్టలేదన్న మాట ఆరోజు చెవికి ఇంపుగా ఉందని చివరి నిమిషంలో కలిపాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా!

అయినా నేను నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా ఆ రోజు మీద నమ్మకం ఉంది. కథ నాది కావచ్చు, రోజు నాది కాదు కదా. వర్ధంతి అంటే పెరిగే రోజు. పెద్దవాళ్లు వర్ధిల్లు బిడ్డా అని దీవించే మాట అది. ఆ మాట ఉన్న రోజున చెడు జరగదని నేనూ అనుకున్నాను.

మే 3

ఇవాళ బుర్రకథ కళాకారిణి ఉప్పుల రంగనాయకమ్మ వర్ధంతి. అందరూ లాంప్ రూం గోడకు వీపు ఆనించి నిలబడ్డారు. నేను తల మీద పలక పెట్టి బొగ్గుతో గీత గీశాను. ప్రతి వర్ధంతికీ ఇదే తంతు. పిల్లలకు బెల్లం ముక్క. పెరగడం ఆగిపోయిన పెద్దవాళ్లు కూడా మడమలు లేపి గీత గీయించుకుంటారు. నేను చూడనట్టు ఊరుకుంటాను.

భూదేవి గీత పక్కనే కనకవ్వ గీత ఉంది. కనకవ్వ నా భార్య. ఫ్యాను పని భూదేవికి నేర్పింది ఆమే. నాలుగేళ్ల కింద అడుగు తట్టులో, అంటే గని చిట్టచివరి అంతస్తులో, గాలి ఆగిపోయిన నాడు, నలుగురిని బయటికి పంపి తను రాలేకపోయింది. మా దగ్గర ప్రతి మనిషికీ లాంప్ రూం కొక్కేనికి పేరు చెక్కిన బిళ్ల ఉంటుంది, పోయినవాళ్ల బిళ్లను తీసి కరిగించేస్తారు. ఆ పేరు మళ్లీ ఎత్తరు. ఉన్నవాళ్లకే గాలి చాలనప్పుడు పోయినవాళ్ల గురించి ఊపిరి ఖర్చెందుకని పాత సర్దార్లు పెట్టిన పద్ధతి. నేను కనకవ్వ బిళ్ల కరిగించానని పుస్తకంలో రాశాను. అది కూడా కల్పించిందే.

గీత గీయించుకున్నాక భూదేవి అందరి ముందూ చెప్పింది.

"ఫ్యాను మూతి నాకు తప్ప ఎవలకు ఎరుక లేదు. గట్టయ్య వర్ధంతికి నేను పోత."

జనం చప్పట్లు కొట్టారు. సత్తెవ్వ, గనిలో అందరికంటే పెద్దామె, భూదేవి నెత్తిన చెయ్యి పెట్టి వర్ధిల్లు బిడ్డా అంది. నా చేతిలో పలక కిందపడి అంచు విరిగింది.

మే 9

మంట ఇంకా తగ్గింది. పని తోచక నా రేకుపెట్టె తెరిచాను. కనకవ్వ బిళ్లను ఆ పెట్టె అడుగున అతికించిన కాగితం కింద దాచాను. తీస్తుంటే కాగితం ఊడి చేతికొచ్చింది. బోర్లా అంటించి ఉండేది కాబట్టి దాని ముఖం నేనెప్పుడూ చూడలేదు. పాత కాలపు వార్తల కాగితం. దాని మూలన ఒక డబ్బా, డబ్బాలో మీసాలాయన బొమ్మ. పైన ప్రథమ వర్ధంతి అని ఉంది.

ఎన్ని అంగుళాలు పెరిగాడో అనుకుంటూ చదివాను.

బొమ్మ కింద జననం అని ఒక తేదీ, మరణం అని ఒక తేదీ. మరణం తేదీ సరిగ్గా ఆ కాగితం అచ్చయిన రోజుకు ఏడాది ముందుది. ఆ కింద, మీరు మమ్మల్ని విడిచి వెళ్లి నేటికి ఏడాది, మీ జ్ఞాపకాలే మాకు తోడు. అశ్రునయనాలతో, కుటుంబ సభ్యులు.

అశ్రునయనాలు ఏమిటో తెలియలేదు. ఏదో సామాను కావచ్చు. మిగతాదంతా తెలిసింది. పది సార్లు చదివినా అదే తెలిసింది.

వర్ధంతి అంటే మనిషి చచ్చిపోయిన రోజు. నేను గోడ మీద గీతలు గీసిన రోజులన్నీ చావు రోజులు. రంగనాయకమ్మ పెరగలేదు, పోయింది. మే ఇరవై రెండున గట్టయ్య తలుపు తెరవలేదు, కళ్లు మూశాడు. ఆ రోజు మీది నమ్మకంతోనే నా బిడ్డ మెట్లెక్కబోతోంది.

రెండో షిఫ్టు దీపాలు ముప్పై నిమిషాలు ఆలస్యంగా ఇచ్చాను.

మే 10

భూదేవికి కాగితం చూపించాను. చదివి మడిచి తిరిగిచ్చింది.

"ఇది గూడ నువ్వే రాసినవా బాపూ?"

"అచ్చులో ఉన్నది బిడ్డా. నేను అచ్చెట్ల ఏస్త?"

"నీకేంది, ఏమన్న జేస్తవ్. అమ్మ పోయినప్పుడు గిట్లనే చెప్పినవ్. కింది తట్టుల ఇంకో తొవ్వ ఉన్నది, అమ్మ గా తొవ్వల పోయింది, మళ్లొస్తది అన్నవ్. రెండేండ్లు నమ్మిన నేను. ఫ్యాను గదిల కూసోని గోడకు చెవి పెట్టి ఇన్న."

ఆమె గడ్డపార పదును పెట్టుకోవడానికి వెళ్లిపోయింది. కన్నబిడ్డ నన్ను అబద్ధాలకోరు అంటే కోపం రావాలి. నాకు సిగ్గే వచ్చింది.

మే 13

షిఫ్టు మారే వేళ అందరికీ కాగితం చదివాను. ఇన్నేళ్లలో నేను కల్పించకుండా చదివింది అదొక్కటే. ఎవరూ నమ్మలేదు.

సత్తెవ్వ లేచింది. "సావును ఎవలన్న ఎర్రక్షరాలతోని రాసి గోడకు యాలాడదీస్తరా ఓదెలూ? యాడాదికోపారి యాద్జేసుకొని మళ్ల ఏడుస్తరా? మన తాతలు గంత పనిలేనోళ్లా?"

అందరూ నవ్వారు. రాజేశం నవ్వలేదు. భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"బిడ్డ పోతుందని నీ కడుపుల దుఃఖం నాకెరుకే అన్నా. కని గింత మంచి మాటకు గంత పాడు అర్థం దియ్యకు. జనం దైర్నం పోతది. దైర్నం పోతే ఈడ ఏం మిగల్తది?"

వంకాయలకు రంగు వేసినవాడిని నమ్మారు. చచ్చినవాడు చచ్చాడంటే నమ్మరు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

మే 19

రెండో షిఫ్టు మొదలయ్యాక మెట్లెక్కాను. ఎనిమిది చోట్ల కూర్చున్నాను. మీటరు అరవై మూడు చూపించింది. వేడి ఎంతో నా ఒంటికి తెలియాలని కుడి అరచెయ్యి ఇనుప తలుపుకు ఆనించాను. చర్మం తలుపుకే అంటుకుంది. కేకపెట్టి లాక్కున్నాను. ఇది తలుపుకు ఇవతలి వేపు.

కిందికి వచ్చాక భూదేవి నా చెయ్యి చూసి, నూనె రాసి గుడ్డ చుట్టింది. చుట్టడం అయిపోయినా చెయ్యి వదలలేదు.

"తడి గోనె సంచులు కప్పుకుంట," అంది.

"ఎంతసేపు తడి ఉంటయ్ బిడ్డా?"

ఆమె ఫ్యాను మనిషి. లెక్క నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఇంకా మూడు రోజులే మిగిలాయి. ఎడమచేత్తో క్యాలెండరు తిప్పుతూ కూర్చున్నాను. జూన్, జూలై, ఆగస్టు. డిసెంబరు దాకా తిప్పి ఆగాను. పద్నాలుగో తేదీ అడుగున ఎర్రగా, హార్మోనియం విద్వాంసుడు తలుపుల గట్టయ్య జయంతి. ఏటా ఆ వేళకు నాకు జ్వరం, ఇంతవరకు ఆ రోజు చరిత్ర చదవలేదు. ఆ రోజుకు ఇంకా కథ లేదు. డిసెంబరులో మీటరు నలభై దాటదు.

మే 21

నిజంతో పని కాలేదు కాబట్టి నాకొచ్చిన విద్యనే పట్టుకున్నాను.

"గట్టయ్యకు రెండు దినాలున్నయ్," అన్నాను అందరి ముందు. "మే నెలల పెరిగిండు. డిసెంబరుల గెలిచిండు. తలుపు దీసుడు పెరుగుడా, గెలుసుడా?"

గొడవ మొదలైంది. పెరిగితేనే గెలుస్తాడని కొందరు, గెలిస్తేనే పెరుగుతాడని కొందరు. ఒకాయన వంకాయలను సాక్ష్యానికి తెచ్చాడు. చివరికి అందరూ సత్తెవ్వ వైపు చూశారు.

"తలుపు తోటి కొట్లాటనే గద. దీసుడు గెలుసుడే," అంది ఆమె.

రాజేశం నా ముఖంలోకి చూశాడు. "మరి మే ఇరవై రెండున తీసిండని ఏడేండ్లు సదివినవ్ గద ఓదెలన్నా?"

"తప్పు సదివిన. రెండు కాయితాలు కలిపేసిన. నాదే తప్పు."

లింగయ్య తాత ఉంటే తల దించుకునేవాడు. ఇక మీదట చరిత్రలు చదవొద్దని రాజేశం అక్కడే చెప్పేశాడు. అది న్యాయమే. తర్వాత భూదేవిని అడిగాడు.

"డిసెంబరు దాక గాలి ఆగుతదా బిడ్డా?"

అదే అసలు ప్రశ్న. ఆమె కాదంటే అంతా అయిపోయేది. ఆమె నా చేతి కట్టు వంక చూసింది.

"అడుగు తట్టు మూసి అందరం పై తట్టుకొస్తే ఎల్లుతది," అంది.

తర్వాత ఫ్యాను గది దగ్గర పట్టుకుని అడిగాను, గాలి నిజంగా అంతవరకు సరిపోతుందా అని.

"ఎరుక లేదు," అంది. "నువ్వొక్కనివే చెప్తవా కతలు?"

డిసెంబరు 13

ఏడు నెలలు ఈ పుస్తకంలో దీపాల లెక్క తప్ప ఏమీ రాయలేదు. రాయడానికి లేదు. గదికి రెండు కుటుంబాలు. పరుగెత్తిన పిల్లలకు దెబ్బలు. పాట లేదు, పెద్దగా మాట లేదు. మంట నువ్వుగింజంత మిగిలింది. సత్తెవ్వ పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది. ఆమె ఆయాసపడినప్పుడల్లా అది నేను ఆడిన అబద్ధమే అనుకుంటాను. నా బిడ్డను ఆపడానికి నాలుగు వందల మంది ఊపిరి మీద పందెం కాశాను. గెలిచినా అది గర్వపడే పందెం కాదు.

మీటరు ముప్పై తొమ్మిది.

డిసెంబరు 14

మొదటి షిఫ్టుకు ఒక్కటే దీపం ఇచ్చాను. భూదేవి పేరు రాసి పక్కన చుక్క పెట్టలేదు.

జనం మెట్ల మీద వరసగా నిలబడ్డారు. తలుపు తీయడానికి ఆరుగురు కావాల్సి వచ్చింది. తెల్లటి వెలుతురు పడేసరికి అందరం కళ్లు మూసుకున్నాం. తెరిచేసరికి ఆమె లేదు, తలుపు మూసేశారు.

రెండు గంటల పని అన్నారు. రెండు గంటలు అయింది. మూడోది కూడా అయింది. రాజేశం చెవి తలుపుకు ఆనించి కూర్చున్నాడు. నేను చేతిలో దీపం పట్టుకుని మంటనే చూస్తున్నాను. పక్కవాళ్లు ఏదో అంటున్నారు గానీ ఏమీ వినలేదు. మంట కదిలింది. నువ్వుగింజ వడ్లగింజ అయింది. తర్వాత నిలువుగా లేచింది. నా ముఖానికి గాలి తగిలింది.

అందరూ కేకలు వేశారు, గట్టయ్య పేరు పిలిచారు. నేను వేయలేదు. ఫ్యాను మూతి తెరుచుకుందంటే నా బిడ్డ అక్కడిదాకా చేరిందని మాత్రమే అర్థం.

మరో అరగంటకు తలుపు మీద గడ్డపార చప్పుడైంది.

ముఖం కందిపోయి ఉంది, పెదవులు పగిలి ఉన్నాయి. లాంప్ రూంకు దిగి నీళ్లు తాగి, ఊపిరి కుదిరాక, అందరూ వింటుండగా నాతోనే మాట్లాడింది.

"ఫ్యాను మూతి కాడ నాలుగు తొవ్వలు కలుస్తయ్ బాపూ. నడిమిట్ల రాతి మనిషి కూసున్నడు. కింద పేరున్నది, తలుపుల గట్టయ్య అని. మన ఊరాయన్నే. గందుకే ఆలిశమైంది, ఇసుక దోసి సదివిన."

"పెద్దగున్నడా?" అడిగాడు రాజేశం.

"నా అంత లేడు. ముంగట ఒక పెట్టె ఉన్నది. దానికి నల్లయి తెల్లయి పండ్లున్నయ్, దాని మీద వేళ్లు పెట్టి నవ్వుతుండు. నువ్వు రాసిన ఒక్క ముక్క ఆడ లేదు బాపూ." నీళ్ల ముంత పక్కన పెట్టింది. "జననం డిసెంబరు పద్నాలుగు. మరణం మే ఇరవై రెండు."

ఎవరూ నవ్వలేదు. సత్తెవ్వ గోడ మీద గీతల వైపు చూసింది.

"అయితే సచ్చినోళ్ల దినం నాడు మనం బెల్లం దిన్నమా?" అంది మెల్లగా.

డిసెంబరు 15

పొద్దున భూదేవి లాంప్ రూంకు వేళకే వచ్చింది. రేకుపెట్టె తియ్యమంది. ఆ పాత కాగితాన్ని మళ్లీ చదివింది, ఈసారి మడవలేదు. తర్వాత కనకవ్వ బిళ్లను చేతిలోకి తీసుకుంది. అది నా దగ్గర ఉందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసట.

క్యాలెండరు దగ్గరికి పోయి తీగ మీద కాగితాలు తిప్పింది. ఆగస్టు ఆరు దగ్గర ఆగింది. ఆ కాగితం అడుగున ఎర్ర అక్షరాలు లేవు, ఎవరి పేరూ లేదు. నాలుగేళ్లుగా ఆ రోజు నేను చదవడానికి ఏమీ లేక దీపాలు తుడుచుకుంటూ గడిపాను.

బొగ్గు పెన్సిలుతో రాసింది. ఫ్యాను మనిషి కనకవ్వ, వర్ధంతి.

"గా నాడు ఏం జెయ్యాలె బాపూ?"

"ఎరుక లేదు బిడ్డా."

"కత మాత్రం చెప్పకు."

"చెప్ప."

ఆమె ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నానని పెన్సిలు మసకగా కనిపించాక తెలిసింది. పాత కాగితంలోని అశ్రునయనాలు సామాను కాదని అప్పుడర్థమైంది.

కింద ఇంకొంచెం చోటు ఉంది. భూదేవి పెన్సిలు నా చేతికిచ్చింది. కాలిన చెయ్యి ఇంకా సరిగా మూసుకోదు, అక్షరాలు వంకర పోయాయి. కుటుంబ సభ్యులు అని రాశాను.